పెర్రీ వాలెస్: బాస్కెట్‌బాల్ కోర్టు నుంచి లా కాలేజీ క్లాసురూము దాకా

విభాగం: ఆటలు – చదువులు

నాష్‌విల్ తెలుగోడు:
ఇక్కడ బాస్కెట్‌బాల్ అంటే జోర్డాన్, కోబీ, లెబ్రాన్‌ల గురించే ఎక్కువ మాట్లాడుకుంటాం. అమెరికా పెద్ద ప్రొఫెషనల్ లీగు ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడని ఒకాయన గురించి ఈ థ్రెడ్ మొదలుపెడుతున్నాను. పేరు పెర్రీ వాలెస్. పుట్టింది 1948లో, నాష్‌విల్‌లోనే. ఆరుగురు పిల్లల్లో ఆఖరివాడు. నాన్నది ఇటుకల పని, అమ్మ ఆఫీసు బిల్డింగుల్లో క్లీనింగ్ పని చేసేది. ఊళ్ళో నల్లవాళ్ళకు వేరే స్కూళ్ళు, వేరే సీట్లు ఉన్న కాలం అది. 1960లో నల్లజాతి కాలేజీ విద్యార్థులు డౌన్‌టౌన్ హోటళ్ళ కౌంటర్ల దగ్గర కూర్చుని, మాకూ భోజనం పెట్టమని శాంతియుతంగా పోరాడుతున్నప్పుడు ఇతనికి పన్నెండేళ్ళు. అక్కడికి వెళ్ళి కళ్ళారా చూశాడు.

పెర్ల్ హైస్కూల్లో చదివాడు. క్లాసులో ఫస్ట్. ట్రంపెట్ వాయించేవాడు. 1966లో టెన్నెసీ రాష్ట్ర హైస్కూల్ టోర్నమెంటులో మొదటిసారి నల్లవాళ్ళ స్కూళ్ళను, తెల్లవాళ్ళ స్కూళ్ళను కలిపి ఆడించారు. ఆ కప్పు పెర్ల్ గెలిచింది. సీజన్ మొత్తం 31 మ్యాచ్‌లాడి ఒక్కటీ ఓడిపోలేదు. విచిత్రం ఏంటంటే, అదే రోజు, మార్చి 19న, కాలేజీ ఫైనల్లో ఐదుగురు నల్ల ఆటగాళ్ళతో మొదలుపెట్టిన టెక్సస్ వెస్టర్న్ జట్టు కెంటకీని ఓడించింది. ఆ మ్యాచ్ గురించి అందరూ చెప్పుకుంటారు. పెర్ల్ గురించి చెప్పేవాళ్ళు తక్కువ.

ఆ తర్వాత వాలెస్ వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో చేరి, ఎస్‌ఈసీ అనే దక్షిణాది యూనివర్సిటీల లీగులో వర్సిటీ (అంటే కాలేజీ ప్రధాన జట్టు) బాస్కెట్‌బాల్ ఆడిన తొలి నల్లజాతి ఆటగాడయ్యాడు. అలబామా, మిసిసిపి, జార్జియా, కెంటకీ లాంటి రాష్ట్రాల జట్లు ఆ లీగులో ఉన్నాయి. తర్వాత లాయరై, వాషింగ్టన్‌లో అమెరికన్ యూనివర్సిటీ లా కాలేజీ ప్రొఫెసరయ్యాడు. 2017 డిసెంబర్‌లో క్యాన్సర్‌తో చనిపోయాడు. మీకు తెలిసింది మీరూ చెప్పండి.

కృష్ణలంక కుర్రాడు:
అన్నా, మంచి టాపిక్. నాదొక డౌట్. హైస్కూల్లో అంత గొప్పగా ఆడినవాడు ఎన్‌బీఏకి ఎందుకు వెళ్ళలేదు? డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్ళని ఎంచుకునేటప్పుడు, ఎవరూ తీసుకోలేదా?

నాష్‌విల్ తెలుగోడు:
తీసుకున్నారు తమ్ముడూ. 1970 డ్రాఫ్ట్ ఐదో రౌండులో ఫిలడెల్ఫియా సెవెంటీసిక్సర్స్ తీసుకుంది. జట్టులో మాత్రం చోటు దక్కలేదు. కొన్నాళ్ళు ఒక చిన్న ప్రొఫెషనల్ లీగులో ఆడి ఆపేశాడు. కాలేజీలో మూడేళ్ళు వర్సిటీ ఆడి 1,010 పాయింట్లు, 894 రీబౌండ్లు (షాట్ మిస్సయి వెనక్కి వచ్చిన బంతిని పట్టుకోవడం). సగటున మ్యాచ్‌కి 12.9 పాయింట్లు, 11.5 రీబౌండ్లు. ఆఖరి ఏడాది జట్టు కెప్టెన్.

పీడీ మాస్టారు:
ఆ 11.5 రీబౌండ్ల దగ్గర కాసేపు ఆగండి. నేను ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు ఈ ఆట నేర్పుతున్నాను కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

వాలెస్ ఎత్తు ఆరడుగుల ఐదంగుళాలు. బాస్కెట్ కింద తనకంటే పొడుగైన వాళ్ళతో రోజూ పోటీ. అలాంటివాడు మ్యాచ్‌కి పదకొండుకు పైగా రీబౌండ్లు పట్టాడంటే ఎగరడం ఒక్కటే చాలదు. బంతి రింగుకు ఏ వైపు తగిలి ఎటు పడుతుందో ముందే కనిపెట్టాలి. ఆ చోటుకి ఎదుటివాడి కంటే ముందు చేరి, వాడిని వీపుతో ఆపాలి. చూసేవాళ్ళకి ఇదేమీ కనపడదు. చప్పట్లు పాయింట్లు వేసినవాడికే. పెర్ల్‌లో ఉన్నప్పుడే అతన్ని ‘బోర్డుల రాజు’ అనేవారు.

ఇంకొకటి కూడా కుర్రాళ్ళు తెలుసుకోవాలి. అతని ప్రధాన ఆయుధం డంక్, అంటే పైకి ఎగిరి బంతిని నేరుగా రింగులోకి వేసేయడం. సరిగ్గా అతను వర్సిటీలోకి వచ్చిన 1967–68 సీజన్ నుంచే కాలేజీ బాస్కెట్‌బాల్లో డంక్‌ని నిషేధించారు. మళ్ళీ అనుమతించింది 1976లో. అంటే అతని వర్సిటీ కెరీర్ అంతా ఆ నిషేధంలోనే గడిచిపోయింది. యూసీఎల్‌ఏలో ఆడుతున్న లూ ఆల్సిండర్‌ని, తర్వాత కరీం అబ్దుల్ జబ్బార్ అయిన అతన్ని, ఆపడానికే ఈ రూలు తెచ్చారని చాలామంది అంటారు. దెబ్బ మాత్రం వాలెస్‌కి కూడా గట్టిగా తగిలింది. ఉన్న ఒక్క గట్టి షాట్ పోయాక, రింగుకి దూరంగా నిలబడి షాట్ వేయడం దాదాపు కొత్తగా నేర్చుకున్నాడు. ఎన్‌బీఏలో చోటు దొరకకపోవడానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం. ఆటతీరు బాస్కెట్ కింద ఆడే పొడుగైన సెంటర్‌ది, ఎత్తు మాత్రం అంతకంటే పొట్టిగా ఉండే ఫార్వర్డ్‌ది. అలాంటి కుర్రాడికి డంక్ లేకుండా తన సత్తా చూపించే దారి ఏది?

రీబౌండ్ రాణి:
మాస్టారూ, వాండర్‌బిల్ట్‌లో తన ఆఖరి మ్యాచ్ చివర్లో రూలు ఉన్నా సరే ఒక డంక్ కొట్టాడని చదివాను. అంపైర్లు కూడా దాన్ని లెక్కలో వేసేశారట. ఆ మ్యాచ్ మిసిసిపి స్టేట్‌తో. నాకు చాలా నచ్చిన విషయం ఇది. మూడేళ్ళు రూలుకి కట్టుబడి, వెళ్ళిపోయే రోజున తన ఆట తను ఆడి వెళ్ళాడు.

కృష్ణలంక కుర్రాడు:
మిసిసిపి స్టేట్ జట్టు నల్లవాళ్ళతో ఆడటానికే ఒప్పుకోదని ఎక్కడో విన్నా. నిజమేనా?

నాష్‌విల్ తెలుగోడు:
1963 దాకా పరిస్థితి అంతే. నల్ల ఆటగాళ్ళున్న జట్లతో ఆడాల్సి వస్తుందని మిసిసిపి స్టేట్ అంతకుముందు జాతీయ టోర్నమెంటుకే వెళ్ళేది కాదు. 1963లో వెళ్ళకుండా ఆపే కోర్టు ఆర్డర్ చేతికి అందకముందే జట్టు రహస్యంగా రాష్ట్రం దాటి వెళ్ళి, నల్ల ఆటగాళ్ళున్న షికాగో లయోలా జట్టుతో ఆడింది. అయితే ఒక మ్యాచ్ ఆడినంత మాత్రాన ఊరి మనసు మారిపోదు కదా. నాలుగేళ్ళ తర్వాత వాలెస్ వాండర్‌బిల్ట్ ఫ్రెష్‌మన్ జట్టుతో అదే యూనివర్సిటీ ఉన్న స్టార్క్‌విల్‌కి వెళ్ళాడు. అప్పట్లో మొదటి ఏడాది విద్యార్థులు వర్సిటీ ఆడకూడదు, వాళ్ళకి వేరే జట్టు ఉండేది. ఆ జట్టులో వాలెస్‌తో పాటు గాడ్‌ఫ్రీ డిల్లార్డ్ అని డెట్రాయిట్ నుంచి వచ్చిన ఇంకో నల్ల కుర్రాడు ఉన్నాడు. జనం తిట్లు, బెదిరింపులు, మీద వస్తువులు విసరడం. హాఫ్ టైమ్‌లో లాకర్ రూములో ఆ ఇద్దరూ భయంతో ఒకరి చేయి ఒకరు పట్టుకుని కూర్చున్నారని వాలెస్ తర్వాత చెప్పాడు. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళ పిల్లలు!

డిల్లార్డ్‌కి తర్వాత మోకాలి దెబ్బ తగిలింది. వర్సిటీ మ్యాచ్ ఒక్కటీ ఆడకుండానే వాండర్‌బిల్ట్ వదిలి వెళ్ళిపోయాడు. వాలెస్ ఒంటరివాడయ్యాడు.

లా స్టూడెంట్ ఓయూ:
1968 ఫిబ్రవరిలో మిసిసిపి రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్‌లో, మిసిసిపి యూనివర్సిటీతో జరిగిన మ్యాచ్ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. మొదటి సగంలో ఎవరిదో దెబ్బ కంటికి తగిలి రక్తం వచ్చింది. జనం కేకలు వేసి సంబరపడ్డారు. హాఫ్ టైమ్‌లో కంటికి ఐసు పెట్టించుకుని తేరుకునేసరికి మిగతా జట్టంతా రెండో సగానికి కోర్టులోకి వెళ్ళిపోయింది. అతని కోసం ఒక్కరూ ఆగలేదు. ఆ జనం మధ్యలోంచి ఒంటరిగా నడిచి కోర్టులోకి వెళ్ళాడు. వెళ్ళి చాలా బాగా ఆడాడు, జట్టు గెలిచింది.

తర్వాతి కాలంలో అతను ఈ సంగతి చెప్పినప్పుడు ఎక్కువ బాధపెట్టింది ఆ జనం కేకలు కాదని, తలుపు దగ్గర తన కోసం ఒక్క తోటి ఆటగాడైనా నిలబడకపోవడమని అన్నాడు. ఆ తోటివాళ్ళు చెడ్డవాళ్ళేమీ కారు. వాళ్ళకి ఏం చేయాలో తెలియలేదు, తెలుసుకోవాలన్న ఆలోచనా రాలేదు. నాకు ఇదే ఎక్కువ భయం వేసే విషయం.

రీబౌండ్ రాణి:
లా స్టూడెంట్ గారు చెప్పింది చదివి కాసేపు అలా ఉండిపోయాను. నేను హైదరాబాద్‌లో ఇంటర్, డిగ్రీ జట్టుల్లో ఆడాను. ప్రభుత్వ స్కూలు నుంచి వచ్చింది జట్టులో నేనొక్కదాన్నే. ఎవరూ ఒక్క చెడ్డమాట అనలేదు. మ్యాచ్‌లో పాస్ ఇచ్చేవారు, గెలిస్తే చేతులు కలిపేవారు. బస్సులో పక్క సీటు మాత్రం ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. వాలెస్ పడ్డదానికి, నాదానికి పోలికే లేదు. అతని మీద ప్రాణభయం ఉంది, చట్టాలున్నాయి, చరిత్ర ఉంది. కానీ మర్యాదగా దూరం పెట్టడం ఎలా ఉంటుందో కొంచెం తెలుసు.

హనుమకొండ అమ్మ:
అందరికీ నమస్కారం. ఎప్పుడూ చదవడమే తప్ప రాయను. ఈ థ్రెడ్ చూసి రాయాలనిపించింది. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. జిల్లా జట్టులో బాస్కెట్‌బాల్ ఆడుతుంది. వచ్చే ఏడాది టెన్త్ కాబట్టి ఆట మానిపించమని ఇంట్లో అందరూ ఒకటే గొడవ. నాకు మనసొప్పడం లేదు, టెన్షన్ మాత్రం ఉంది. ఈ వాలెస్ గారు చదువు, ఆట రెండూ ఎలా చేశారు? అంత ఒత్తిడిలో ఏ కోర్సు చదివారు?

నాష్‌విల్ తెలుగోడు:
అమ్మా, ఆయన చదివింది ఇంజినీరింగ్. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, దాంతోపాటు ఇంజినీరింగ్ మ్యాథమెటిక్స్. 1970లో నాలుగేళ్ళకే డిగ్రీ పూర్తి చేశారు. అసలు వాండర్‌బిల్ట్‌ని ఎంచుకోవడానికి పెద్ద కారణమే ఆ ఇంజినీరింగ్ కాలేజీ. ఎన్నో కాలేజీలు స్కాలర్‌షిప్ ఇస్తామని వెంటపడ్డాయి. కొన్నిచోట్ల అతను చూసిన పద్ధతి నచ్చలేదు. ఆటగాళ్ళని చదివించకుండా ఆడించుకుని వదిలేసేవాళ్ళు. వాండర్‌బిల్ట్ కోచ్ రాయ్ స్కిన్నర్ ఇంటికి వచ్చి వాళ్ళ అమ్మానాన్నలను మిస్టర్, మిసెస్ అని మర్యాదగా పలకరించాడు. అప్పట్లో ఒక తెల్ల కోచ్ నల్ల కార్మికుల ఇంట్లో అలా మాట్లాడటం చిన్న విషయం కాదు. అదీ అతని మనసులో నిలిచింది.

ప్రాక్టీసు అయ్యాక అలసిపోయి వచ్చి కాలిక్యులస్ లెక్కలు చేయడం, పొద్దున్నే ల్యాబు, వారాంతంలో అలబామానో మిసిసిపియో ప్రయాణం, వెళ్ళిన చోటల్లా తిట్లు. అయినా డిగ్రీ వెనకబడనివ్వలేదు.

పీడీ మాస్టారు:
అమ్మా, పిల్లలకు ఆట నేర్పిన అనుభవంతో చెబుతున్నాను. టెన్త్ ఏడాదిలో ఆట పూర్తిగా మానేసిన పిల్లల్లో చాలామంది మళ్ళీ కోర్టుకి రారు. వచ్చినా ఒంటికి ఆ అలవాటు పోయి ఉంటుంది. రోజుకి గంట తగ్గించండి, టోర్నమెంట్లకు దూర ప్రయాణాలు ఆ ఒక్క ఏడాది ఆపండి. మానిపించడం మాత్రం వద్దు. అమ్మాయి ఏమంటోంది? ముందు ఆమెని అడగండి.

కృష్ణలంక కుర్రాడు:
అందరూ పాజిటివ్‌గా చెప్తున్నారు కాబట్టి రెండో వైపు కూడా అడుగుతా. ఇన్ని అవమానాలు పడి, ఎన్‌బీఏ కూడా దక్కకపోతే ఆటపరంగా అది ఫెయిల్యూరే కదా? తర్వాత లా చదవడం ఆటగాడిగా అతని ఘనత ఎలా అవుతుంది?

లా స్టూడెంట్ ఓయూ:
నేను దీనికి గట్టిగా అడ్డు చెప్తాను. కోర్టులో అతను చేసిందానికి కొలమానం ఎన్‌బీఏ కాంట్రాక్టు అయితే, ఆ తర్వాత ఆ లీగులోకి వచ్చిన నల్లజాతి ఆటగాళ్ళందరినీ ఏ ఖాతాలో వేస్తాం? ఇవాళ ఎస్‌ఈసీ జట్ల ఫోటోలు చూడండి. అతను మొదట నడిచాడు కాబట్టే ఆ తలుపు తెరుచుకుంది.

ఇక లా సంగతి. ఆట పోయాక చేసేది లేక లాలోకి వెళ్ళాడనుకుంటే పొరపాటు. వాండర్‌బిల్ట్ నుంచి బయటికి వచ్చాక కొన్నాళ్ళు నేషనల్ అర్బన్ లీగ్‌లో పనిచేశాడు. నగరాల్లో నల్లవాళ్ళ ఉద్యోగాలు, చదువులు, ఇళ్ళ కోసం పనిచేసే పాత సంస్థ అది. తర్వాత న్యూయార్క్‌లోని కొలంబియా లా స్కూల్లో చేరి 1975లో పట్టా తీసుకున్నాడు. అమెరికా న్యాయశాఖలో పర్యావరణం, సహజ వనరులకు సంబంధించిన కేసులు వాదించాడు. గాలి, నీరు, నేల పాడుచేసే వ్యవహారాల్లో ప్రభుత్వం తరఫున కోర్టులో నిలబడే పని. ఇంజినీరింగ్ చదివిన లాయరుకి అక్కడ చాలా బలం ఉంటుంది. ఫ్యాక్టరీ రిపోర్టులో ఏముందో లెక్కలతో సహా అర్థమవుతుంది. మా సీనియర్లలో కూడా బీటెక్ చేసి లాకి వచ్చినవాళ్ళు పేటెంట్, పర్యావరణ కేసుల్లో ముందుంటారు.

1990ల మొదట్లో అమెరికన్ యూనివర్సిటీ లా కాలేజీకి వచ్చాడు. పర్యావరణ చట్టం, కార్పొరేట్ చట్టం, ఫైనాన్స్ బోధించాడు. లా, ఎంబీఏ కలిపి చదివే కోర్సుకి డైరెక్టర్‌గా కూడా చేశాడు. ఫ్రెంచ్ బాగా మాట్లాడేవాడు. ఆట వయసు ఇరవైరెండు దగ్గర ఆగిపోయింది, పాఠం చెప్పడం దాదాపు పాతికేళ్ళు నడిచింది. జీవితంలో పెద్ద భాగం ఏదో మీరే చూడండి.

కృష్ణలంక కుర్రాడు:
ఇంజినీరింగ్, ఆ మీద లా, ఆ మీద ఫైనాన్స్ పాఠాలు. ఒక్క మనిషికి ఇన్నా! ఈ వైపు నాకు అస్సలు తెలియదు. ఇంకా చెప్పండి మేడమ్.

రీబౌండ్ రాణి:
నేనొకటి అడగాలి. వాండర్‌బిల్ట్‌లో ఆఖరి మ్యాచ్ ఆడిన కొద్దిరోజులకే స్థానిక పత్రికకు ఇంటర్వ్యూ ఇచ్చి, ఈ నాలుగేళ్ళలో తను ఎంత ఒంటరిగా బతికాడో బయటపెట్టాడు కదా. ఆ ఆఖరి ఏడాదే యూనివర్సిటీ విద్యార్థులు ఓట్లేసి సీనియర్ కుర్రాళ్ళకి ఇచ్చే అతిపెద్ద గౌరవం అతనికే ఇచ్చారు. అందరూ ‘చూశారా, మేం ఎంత మారామో’ అనుకుంటున్న సమయంలో అతను నిజం చెప్పేశాడు. అలా చెప్పకుండా మౌనంగా వెళ్ళిపోయుంటే సొంత ఊరికి దూరం కావాల్సి వచ్చేది కాదేమో. మీరేమంటారు?

నాష్‌విల్ తెలుగోడు:
ఊళ్ళో చాలామందికి కోపం వచ్చింది. ఇంత చేస్తే విశ్వాసం లేదన్నారు. అతను నాష్‌విల్ వదిలేశాడు. వాండర్‌బిల్ట్ అతన్ని మళ్ళీ గౌరవంగా పిలవడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. 2004లో అతని 25వ నంబరు జెర్సీని రిటైర్ చేశారు (అంటే ఆ నంబరు ఇక ఎవరికీ ఇవ్వరు), ఇప్పుడు మెమోరియల్ జిమ్ పైకప్పు నుంచి వేలాడుతూ ఉంటుంది. ఆ జిమ్‌లో మ్యాచ్ చూడటమే ఒక అనుభవం. వేరేచోట్ల జట్ల బెంచీలు కోర్టు పక్కన ఉంటే, ఇక్కడ బాస్కెట్ల వెనక ఉంటాయి. 2020లో క్యాంపస్ పక్కన ఒక వీధికి అతని పేరు పెట్టారు.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెప్తాను. అతను చెప్పడమే సరి. కోపంతో తిట్టలేదు, పేర్లు పెట్టి ఎవరినీ దోషులను చేయలేదు. ఇలా జరిగింది, నాకు ఇలా అనిపించింది అని ప్రశాంతంగా చెప్పాడు. తర్వాత వచ్చే పిల్లలను ఎలా చూసుకోవాలో తెలియాలంటే ఎవరో ఒకరు చెప్పాలి. క్యాంపస్‌లో ఉన్నప్పుడు కూడా మిగతా నల్ల విద్యార్థులతో కలిసి వెళ్ళి, తమ పరిస్థితిని యూనివర్సిటీ ఛాన్సలర్ అలెగ్జాండర్ హర్డ్‌కి వివరించాడు.

లా స్టూడెంట్ ఓయూ:
మంచి లాయరు సాక్ష్యం చెప్పించే పద్ధతి అది. ముందు జరిగింది, తర్వాత దాని ప్రభావం, ఆ తర్వాతే అభిప్రాయం. ఇరవైరెండేళ్ళకే అతనికి ఆ తీరు ఉంది.

రీబౌండ్ రాణి:
నేనూ మీ ఇద్దరి వైపే. అడగాలనిపించి అడిగాను, అంతే. నిజం చెప్పిన తర్వాత అక్కడే ఉండి ఆ కోపాన్ని మోయాల్సిన పని అతనికి లేదు. వెళ్ళిపోవడం కూడా అతని హక్కు.

పీడీ మాస్టారు:
డిల్లార్డ్ సంగతి కూడా ఎవరైనా రాయండి. అతని గురించి ఎవరూ పట్టించుకోరు.

లా స్టూడెంట్ ఓయూ:
తప్పకుండా మాస్టారూ. వాండర్‌బిల్ట్ నుంచి మిషిగన్‌కి తిరిగి వెళ్ళి, చదువు పూర్తి చేసి అతనూ లాయరయ్యాడు. మిషిగన్ యూనివర్సిటీ అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవచ్చా అన్న ప్రసిద్ధ కేసు ఒకటుంది, గ్రాట్జ్ వర్సెస్ బాలింజర్. 2003లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ కేసులో తమ వాదన కూడా వినమని చేరిన నల్లజాతి, లాటినో విద్యార్థుల తరఫు లాయరు డిల్లార్డే. డిగ్రీ అడ్మిషన్లలో పాయింట్లు కలిపే పద్ధతిని కోర్టు కొట్టేసింది. అదే రోజు లా స్కూల్ పద్ధతిని మాత్రం నిలబెట్టింది. రిజర్వేషన్ల మీద మన దగ్గర జరిగే వాదనలు చదివేవాళ్ళకి ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చదవడం బాగా ఉపయోగపడుతుంది. స్టార్క్‌విల్ లాకర్ రూములో చేతులు పట్టుకుని కూర్చున్న ఇద్దరు కుర్రాళ్ళూ లాయర్లే అయ్యారు.

హనుమకొండ అమ్మ:
మాస్టారు గారూ, అమ్మాయిని అడిగాను. మానను అంది, కానీ మ్యాథ్స్ ట్యూషన్ టైము ప్రాక్టీసుకి అడ్డం వస్తోందని, ఆ టైము మార్చమని అడిగింది. ట్యూషన్ సార్‌తో మాట్లాడి పొద్దున ఆరింటికి మార్చాం. వాలెస్ గారి గురించి నేను చెప్తుంటే మధ్యలో ఆపి, పొట్టివాళ్ళు రీబౌండ్ ఎలా పడతారని అడిగింది. దాని ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. ఏం చెప్పమంటారు?

పీడీ మాస్టారు:
చాలా సంతోషం అమ్మా. ఇలా చెప్పండి. షాట్ గాల్లోకి లేవగానే బంతి వైపు చూస్తూ ఉండిపోకూడదు. ముందు పక్కనున్న ప్రత్యర్థి ఎక్కడ ఉందో చూసుకోవాలి. ఆ అమ్మాయి ముందుకి అడ్డంగా తిరిగి, వీపు ఆమెకి ఆనించి, కాళ్ళు వెడల్పుగా పెట్టి, మోకాళ్ళు వంచి కిందకి కూర్చున్నట్టు నిలబడాలి. మోచేతులతో పొడవకూడదు, ఫౌల్ అవుతుంది. దీన్నే బాక్స్ అవుట్ అంటాం. బంతి రింగుకి తగిలాకే ఎగరాలి. రెండు చేతులతో పట్టి వెంటనే గడ్డం కిందకి తెచ్చుకోవాలి, లేకపోతే పొడుగువాళ్ళు లాక్కుంటారు. కోర్టు మూలల నుంచి వేసిన షాట్ మిస్సయితే ఎక్కువసార్లు అవతలి వైపు పడుతుంది, కాబట్టి అటు ముందే జరగాలి. ఇంట్లో అయితే గోడకి బంతి కొట్టి రోజుకి యాభైసార్లు పట్టమనండి. జిల్లా జట్టు కోచ్ ఎవరో నాకు మెసేజ్ చేయండి, నేను మాట్లాడతాను.